పక్క విస్తరి

పోయిన వారం మనం భానుశ్రీని విస్తరి ముందు కూర్చోబెట్టి వదిలేశాం. పాపం, ఆవిడ ఇంకా అక్కడే ఉంది. అన్నం వడ్డించారు, నెయ్యి వేశారు, ముద్ద మాత్రం నోటికి చేరలేదు.

కాస్త వెనక్కి వెళ్దాం. ఉయ్యూరు దాటాక కాలవగట్టు పక్కనున్న ఉసిరితోటలో కృష్ణాతీర పక్షిమిత్ర సంఘం వారి కార్తీక వనభోజనాలు జరుగుతున్నాయి. సంఘానికి భానుశ్రీ కార్యదర్శి. వారమంతా బెజవాడలో ఇంటర్ పిల్లలకు ఫిజిక్స్ చెబుతుంది, ఆదివారమైతే తలమీద సంఘం ఆకుపచ్చ టోపీ, మెళ్ళో దుర్భిణి వేసుకుని డెల్టా ఊళ్ళలో తిరుగుతుంది. బడిపిల్లలకు పిట్టల్ని చూపిస్తుంది, వాటిని పట్టేవాళ్ళకు మానమని చెబుతుంది. అలా చెప్పగా చెప్పగా మానినవాడు పెదలంకపాలెం సొలొమోను. ఊహ తెలిసినప్పటి నుంచీ వలలు పన్నినవాడు, వాటిని తగలబెట్టి, పాత జట్టువాళ్ళ కబుర్లు భానుశ్రీ చెవిన వేయడం మొదలుపెట్టాడు. దీపావళి ముందు అతనిచ్చిన కబురుతోనే ఒక వ్యాను పట్టుబడింది. దాన్నిండా కాళ్ళు కట్టేసిన వలస బాతులు, రోడ్డు పక్క దాబాలకు పోతున్న సరుకు. తర్వాత కొన్నాళ్ళకే సొలొమోను ఇంటి తలుపుకి ఎవరో చచ్చిన కొంగను వేలాడదీసి పోయారు. భానుశ్రీ హడలిపోయి, మునీర్ సాయంతో అతన్ని మైలవరంలో ఒక ఇంట్లో దాచింది. మునీర్‌కు వన్‌టౌన్‌లో ఫొటో స్టూడియో ఉంది, సంఘంలో ఆమె పూర్తిగా నమ్మే మనిషి అతనొక్కడే. ఆ ఇల్లు అతని పిన్నమ్మ జమాల్ బీది. సంగతి ఈ ముగ్గురికి తప్ప ఇంకెవరికీ తెలియదు. సొలొమోను భార్య తెరేసమ్మకు కూడా చెప్పలేదు. తెలియని మాటను ఎవరు బెదిరించినా బయటికి లాగలేరు కదా అని.

ఇంత జాగ్రత్తపడి, అమ్మయ్య అనుకుని భానుశ్రీ బంతిలో కూర్చుంది. సరిగ్గా అప్పుడే ఒకాయన తడకగేటు తోసుకుని వచ్చి, బిందె దగ్గర చేతులు కడుక్కుని, తోటంతా చోటుండగా ఆమె పక్క విస్తరి ముందు కూర్చున్నాడు. వ్యాను పట్టుబడ్డ రోజు రోడ్డుకు అవతల నిలబడి, ఆమె మొహాన్ని నింపాదిగా చూసి నవ్విన మనిషి. చేపల చెరువుల కిరీటి. ఆ వ్యాను తోలినవాడు అతని బావమరిది, ఇప్పుడు జైల్లో ఉన్నాడు.

"చల్లారిపోద్ది మేడమ్ గారు, కలుపుకోండి," అన్నాడు కిరీటి.

తెల్లచొక్కా, దువ్విన జుట్టు, నుదుట చిన్న బొట్టు. విస్తరి చుట్టూ నీళ్ళు తిప్పి, కళ్ళు మూసుకుని దణ్ణం పెట్టుకుని, పులిహోర మొదటి ముద్ద తీసుకున్నాడు. నమిలి, తల ఊపాడు.

"ఇంగువ బాగా పడింది. ఎవరు చేశారండి?"

"వంటవాళ్ళు," అంది భానుశ్రీ.

ఆమెకు భయం వేసింది. అరిచే మనిషైతే తిరిగి అరవొచ్చు. కొట్టడానికి వస్తే పదిమందిని పిలవొచ్చు. పులిహోర మెచ్చుకునే మనిషిని ఏమని పిలిచి ఎవరికి చూపించాలి? చుట్టూ చూస్తే ఎదురుగా బ్యాంకు ఉద్యోగుల కుటుంబాలు, ఇటు డాక్టరు గారి అత్తగారు, అటు సంఘం కోశాధికారి. అందరూ నవ్వుకుంటూ తింటున్నారు. పిల్లల బంతి ముందే అయిపోయింది. మునీర్ వాళ్ళను వెంటేసుకుని కాలవగట్టు మీదికి పోయాడు. అతనుంటే బాగుండును అనుకుంది భానుశ్రీ.

ఇంతలో కృపానందం గారు కూర గిన్నెతో రానే వచ్చారు. సంఘానికి అధ్యక్షులు. నీటిపారుదల శాఖలో ఇంజినీరుగా చేసి రిటైరైన మనిషి. క్రిస్మస్‌కు అందరికీ కేకు పంచుతారు, కార్తీకంలో పంచె కట్టి అందరికంటే ముందు వడ్డనకు దిగుతారు. మా సంఘంలో కులమతాలు లేవు, పులిహోర మాత్రం ఉంది అన్నది ఆయన పాత జోకు. మంచివారు. అంత మంచితనంతో వేగడం ఎంత కష్టమో భానుశ్రీని అడిగితే చెబుతుంది.

"బాబూ, తమరెవరండి? కొత్తగా ఉన్నారు," అన్నారాయన.

కిరీటి సగం లేచి, ఎంగిలిచెయ్యి వెనక్కి పెట్టుకుని, ఎడంచెయ్యి గుండెల మీద ఆనించాడు. "సెంటర్లో మీ ఫ్లెక్సీ చూసి వచ్చానండి. పిట్టలంటే చిన్నప్పట్నుంచీ ప్రాణం అండి నాకు."

"చూశావా అమ్మా!" కృపానందం గారు భానుశ్రీ వైపు తిరిగి మెరిసే కళ్ళతో అన్నారు. "ఫ్లెక్సీ ఎందుకు కట్టారని గొడవ చేశావు. ఇదిగో, మనిషి నడిచొచ్చాడు!"

గుత్తివంకాయ రెండు పడ్డాయి కిరీటి విస్తట్లో. ఆయన ఇంకో రెండు వేసి మరీ కదిలారు.

ఆ ఫ్లెక్సీ సంగతి చెప్పకపోతే ఈ భయం మీకు పూర్తిగా అందదు. మన వైపు మనిషి పుడితే ఫ్లెక్సీ, పోతే ఫ్లెక్సీ, మధ్యలో పదో తరగతి గట్టెక్కినా ఫ్లెక్సీ. శాలువా కప్పకపోతే చేసిన మంచిపని మురిగిపోతుందని మన నమ్మకం. వ్యాను దొరికిందన్న సంబరంలో కృపానందం గారు సంఘంలో ఎవరికీ చెప్పకుండా పెదలంకపాలెం సెంటర్లో, టీ బంకు పక్కన, నిలువెత్తు ఫ్లెక్సీ కట్టించారు. శాలువాతో సొలొమోను ఫొటో. అది చాల్లేదని, ఇంకా పెద్దది వేయమని సొలొమోనే అడిగి వేయించుకున్నాడట. కింద ఎర్రటి అక్షరాల్లో: "వేటగాళ్ళ ఆచూకీ ఎప్పటికప్పుడు మాకు అందజేస్తున్న పక్షిబంధు శ్రీ సొలొమోను గారికి హార్దిక శుభాభినందనలు."

వేటగాళ్ళంతా కబురు మోసిందెవరో తెలియక తలలు పట్టుకుంటుంటే, వాడి ఫొటో ఇదిగో అని సెంటర్లో నిలబెట్టడమంటే ఇదే. భానుశ్రీ మర్నాడే వెళ్ళి దాన్ని పీకించింది. అప్పటికి టీ బంకు దగ్గర చదవాల్సినవాళ్ళందరూ చదివేశారు. "మంచిపని చేసినవాణ్ణి పదిమందిలో మెచ్చుకోకపోతే ఇంకొకడు ముందుకు ఎలా వస్తాడమ్మా?" అని కృపానందం గారు అమాయకంగా అడిగారు. అదీ నిజమే.

"చాలా థాంక్సండి," అన్నాడు కిరీటి వంకాయ తుంచుతూ. గొంతు తగ్గించాడు, నవ్వు తగ్గించలేదు. "ఆ ఫ్లెక్సీ లేకపోతే మాకు తెలిసేదాండి? మావోళ్ళలో మావోళ్ళే కొట్టుకు చచ్చేవోళ్ళం. నేనైతే ఇంకోడి మీద పెట్టుకున్నానండి అనుమానం. వాడు బతికిపోయాడు."

భానుశ్రీ విస్తట్లో అన్నాన్ని వేళ్ళతో కెలికింది.

"తినండి మేడమ్ గారు. నలుగురూ చూస్తన్నారు."

తడిగుడ్డతో గొంతు కోసేవాళ్ళ గురించి విన్నదే గానీ, వాళ్ళలో ఒకడి పక్కన కూర్చుని అన్నం తినాల్సి వస్తుందని ఆమె ఎన్నడూ అనుకోలేదు. ఒక ముద్ద నోట్లో పెట్టుకుంది. మంచినీళ్ళతో దింపింది.

పప్పు బకెట్టు పట్టుకుని తెరేసమ్మ వరస వెంట వస్తోంది. ఇంట్లో ఒంటరిగా ఉంచడం ఇష్టంలేక భానుశ్రీయే ఆమెను పొద్దున కారులో ఎక్కించుకొచ్చింది. ఊరికే కూర్చోవడం చేతకాని మనిషి, వచ్చిన దగ్గర్నుంచీ వడ్డనలో ఉంది. కిరీటి ముందుకొచ్చేదాకా తల దించుకునే ఉంది. గరిటె వంచబోయి మొహం చూసింది. గరిటె బకెట్టు అంచుకు టంగుమని తగిలింది. ఇన్నేళ్ళూ సొలొమోను పట్టిన పిట్టలు పోయింది ఈయన వ్యాన్లలోకే. ఆమెకు ఈయన తెలియకపోవడమేమిటి!

"బాగున్నావా అక్కా?" అన్నాడు కిరీటి ఎంతో ఆప్యాయంగా. "అన్న కనపడట్లేదే? పండగ లాంటి రోజున నిన్ను ఒక్కదాన్నే వదిలేశాడా?"

"ఏదో పని మీద ఎల్లాడండి." తెరేసమ్మ బకెట్టులోకే చూస్తూ అంది.

"ఎటెల్లాడో?"

"నాకు చెప్పలేదండి. దేవుడి తోడు, చెప్పలేదు."

"అయ్యో, ఒట్టెందుకక్కా. నమ్ముతాను." విస్తట్లో గుంట చేసి చూపించాడు. "ఇంకాస్త వెయ్యి. నీ చేతి పప్పు తిని ఎన్నాళ్ళయిందో."

తెరేసమ్మ వేసింది. సగం విస్తట్లో, సగం నేల మీద. భానుశ్రీ కళ్ళలోకి ఒక్కసారి చూసి ముందుకు జరిగింది. ఆ చూపులో ప్రశ్న ఒకటే: మా ఆయన ఎక్కడమ్మా? పొద్దున కారులోనూ అదే అడిగింది. క్షేమంగా ఉన్నాడు, నా మాట నమ్ము అని చెయ్యి పట్టుకుని చెప్పింది భానుశ్రీ. ఆ మాట ఇప్పుడు ఆమెకే గుండెల మీద బరువైంది.

"మంచి మనిషండి," అన్నాడు కిరీటి ఆమె వెళ్ళిన వైపు చూస్తూ. "సొలొమోనూ మంచోడే. కాకపోతే నోరాగదు. నోరాగని మనిషికి నీళ్ళ దగ్గర పని మంచిది కాదండి. పోయినేడు మా చెరువు మీద కాపలా ఆయనొకడు అంతే. ఎవరికో ఏదో చెప్పాడు. తర్వాత ఒకరోజు గట్టు మీంచి జారిపడ్డాడు. ఈతొచ్చండి ఆయనకి. అయినా లేవలేదు. ఏం చేస్తాం, రాసిపెట్టి ఉండాలి."

పప్పు అన్నం కలుపుతూ చెప్పాడీ మాటలు. ఒక్క మెతుకు కింద పడనివ్వలేదు.

భానుశ్రీ ఏదో ఒకటి అనాలి, భయపడ్డట్టు కనిపిస్తే వీడికి ఇంకా అలుసవుతుంది. "మీకేం కావాలో సూటిగా చెప్పండి," అంది.

"ఏం వద్దండి. అన్నం పెట్టారు, చాలు. సొలొమోను ఎక్కడున్నాడో చెప్తే ఒక మాట మాట్లాడుకుంటాను. అంతే."

"హైదరాబాద్‌లో చెల్లెలుందట. అక్కడికి వెళ్ళాడని విన్నాను."

అబద్ధం సాఫీగానే వచ్చింది. పరీక్షల్లో కాపీ కొట్టే పిల్లలను ఏళ్ళ తరబడి చూస్తోంది కాబట్టి, అబద్ధం చెప్పేవాళ్ళు ఎక్కడ దొరికిపోతారో ఆమెకు బాగా తెలుసు. కళ్ళు దించలేదు. ఎక్కువ మాటలు వాడలేదు.

"హైదరాబాదా!" కిరీటి తల పంకించాడు. "పెద్ద ఊరండి. ఎవరన్నా దాక్కుంటే పట్టుకోవడం మా వల్ల కాదు. మంచి ఆలోచన." మజ్జిగ మిరపకాయ కొరికి, కారానికి నీళ్ళు తాగాడు. మళ్ళీ సొలొమోను ఊసెత్తలేదు. ఉసిరికాయ పచ్చడి బాగుందన్నాడు. చెరువుల్లో ఈ ఏడు సీలావతి చేపపిల్ల సరిగా ఎదగలేదన్నాడు. భానుశ్రీ ఊ కొట్టింది. నమ్మేశాడు అనుకుంది. ఈ బంతి లేవగానే పోతాడు, పోగానే మునీర్‌ను పిలిచి సొలొమోనును ఇంకో చోటికి మార్పించాలి అని లెక్కలు వేసుకుంటోంది.

కిరీటి ఎడంచేత్తో చొక్కా జేబులోంచి ఫోను తీశాడు. ఆ తోటలో ఫోను చేతిలో ఉన్నది అతనొక్కడికే. సంఘంలో ఒక పద్ధతి ఉంది. రోజంతా వాట్సాప్ గ్రూపులోనే పలకరించుకునే వాళ్ళం, వనభోజనాలనాడైనా మొహాలు చూసుకుందామని, వచ్చినవాళ్ళందరి ఫోన్లూ ఒక వెదురుబుట్టలో వేయించి కొమ్మకు వేలాడదీస్తారు కృపానందం గారు. తిరిగి ఇళ్ళకు బయల్దేరేటప్పుడే ఇస్తారు. భానుశ్రీ ఫోనూ పొద్దుట్నుంచీ అందులోనే ఉంది.

"మేడమ్ గారూ, నాకొక డౌటండి," అంటూ ఫోను ఆమె మొహం ముందు పెట్టాడు. "ఇదేం పిట్టండి?"

తెరమీద ఒక చిన్న పక్షి. జామచెట్టు మొదట్లో, ఎండుటాకుల మీద ఒదిగి కూర్చుంది. వీపు పచ్చ, పొట్ట గోధుమ, తోక కింద ఎరుపు, రెక్కమీద నీలం, కంటికి కాటుకలా నల్లటి గీత. వలసలో అలిసిపోయి ఎవరింటి పెరట్లోనో వాలిపోయిన పక్షి. డెల్టాలో ఎంత తిరిగినా దొరకని దర్శనం.

"నవరంగి!" అంది భానుశ్రీ. భయమంతా మరిచిపోయి అంది. పిట్ట కనపడితే పేరు చెప్పే నోరు అది, దానికి ఇంకేమీ తెలియదు. "పొన్నంగి పిట్ట అంటారు. ఇది ఎక్కడ..."

అప్పుడు ఫొటో కింది అక్షరాలు చదివింది.

"నవరంగి అనుకుంటన్నాను. ఒకటి. మైలవరం. జమాల్ బీ గారి పెరడు, మసీదు వెనక సందు. నా జన్మలో మొదటిసారి చూశాను. వందనాలు. సొలొమోను."

చదివింది మళ్ళీ చదివింది. తోటలో మాటలన్నీ ఎక్కడో దూరంగా వినిపిస్తున్నాయి.

"మీ గ్రూపులో నేనూ ఉన్నానండి," అన్నాడు కిరీటి వినయంగా. "ఫ్లెక్సీ మీద గళ్ళగళ్ళ బొమ్మొకటి వేశారు కదండీ, ఫోను అలా చూపిస్తే లోపలికి రానిచ్చేసింది. రోజూ చదువుతాను. మంచి విషయాలండి. పిట్ట పేరు పెడితే చాలదు, చోటు కూడా పెట్టాలని మీరే కదండీ రూలు పెట్టింది?"

అవును, ఆమే పెట్టింది. చోటు చెప్పని పిట్ట లెక్కలోకి రాదు అని ప్రతి బడిలోనూ, ప్రతి ఊళ్ళోనూ గొంతు చించుకుని చెప్పింది. ఊరొక్కటీ రాస్తే చాలదు, వీధి, చెట్టు, గట్టు కూడా రాయాలని సొలొమోనుకు దగ్గర కూర్చుని నేర్పించింది. మొదట్లో అతను బద్ధకించి ఊరి పేరే పెడితే గ్రూపులో అందరి ముందూ కసిరింది కూడా. మైలవరంలో వదిలి వస్తూ, బయటికి వెళ్ళొద్దు అని చెప్పింది. వెళ్ళలేదు. ఎవరికీ ఫోను చెయ్యొద్దు అంది. చెయ్యలేదు. పిట్ట కనపడితే పెట్టొద్దు అని మాత్రం ఆమెకు తట్టలేదు. ఆ సంఘంలో ఎవరికీ తట్టదు.

భానుశ్రీ లేవబోయింది.

"బంతి మధ్యలో లేవకూడదండి," అన్నాడు కిరీటి.

అతను చెయ్యి వెయ్యలేదు. గొంతు పెంచలేదు. కానీ ఆ మాట అందరికీ వినపడేలా అన్నాడు. డాక్టరు గారి అత్తగారు తల తిప్పి చూసింది. "అదేంటమ్మాయ్, పెద్దవాళ్ళం తింటుంటే లేస్తావా?"

"కూర్చో భానూ, కూర్చో!" కృపానందం గారు అటు చివర్నుంచి కేకేశారు. "పరమాన్నం వచ్చేస్తోంది. ఎంగిలిచేత్తో ఎక్కడికి పోతావు?"

ఆమె కూర్చుంది. ఒక మనిషి ప్రాణం మీదికి వచ్చిన వేళ, ఎదుటివాళ్ళు ఏమనుకుంటారోనని కూర్చుండిపోయింది. చిన్నప్పట్నుంచీ నేర్పిన మర్యాద అటువంటిది. కిరీటికి ఆ సంగతి తెలుసు, ఆమె కంటే బాగా తెలుసు.

పరమాన్నం వచ్చింది. కిరీటి రెండోసారి అడిగి వేయించుకున్నాడు. బుట్ట వేలాడే ఉసిరికొమ్మ వడ్డన బల్లలకు అవతల ఉంది. బుట్ట గాలికి మెల్లగా ఊగుతోంది. ఎన్ని ఫోన్లు అందులో మోగుతున్నాయో. సొలొమోనే చేస్తున్నాడేమో, మేడమ్ గారు చూశారా చూశారా అని.

పక్కనే నిలబడి గరిటె పట్టుకున్న తెరేసమ్మ వంగి, చెవి దగ్గర అడిగింది. "ఏవైందమ్మా? మొహమంతా అలా పాలిపోయిందేంటి? ఆయనకేమన్నా..."

ఇంక ఆగలేదు భానుశ్రీ. విస్తరి దాటి లేచి పరిగెత్తింది. మంచినీళ్ళ చెంబు కాలికి తగిలి దొర్లింది. వెనక ఎవరో "అయ్యయ్యో" అన్నారు. ఎంగిలిచెయ్యి చీరకు తుడుచుకుని, బుట్టను కిందికి లాగి, ఫోన్లన్నీ గడ్డిమీద పోసింది. అన్నీ నల్లవే, అన్నీ ఒకేలా ఉన్నాయి. ఒకటి తీసింది, కాదు. ఇంకోటి, కాదు. చివరికి దొరికింది.

గ్రూపు తెరిచింది. సొలొమోను ఫొటో కింద పువ్వులు, చప్పట్లు, బొటనవేళ్ళు బారులు తీరి ఉన్నాయి. "సూపర్ సొలొమోను గారు." "అదృష్టవంతులు." గుంటూరు నుంచి ఎవరో, "రేపు రావచ్చా చూడ్డానికి?" అని అడిగారు. "రండి, దారి చెప్తాను" అని సొలొమోను జవాబు. తర్వాత దారి. బస్టాండు నుంచి ఎటు తిరగాలో, ఏ గుమ్మానికి ఆకుపచ్చ రంగు వేసి ఉందో, అంతా వివరంగా, ఆమె నేర్పినట్టే.

సొలొమోను నంబరు నొక్కింది. మోగింది. మోగి మోగి ఆగిపోయింది. మళ్ళీ నొక్కింది.

కిరీటి భోజనం ముగించాడు. విస్తరి తనవైపుకు మడిచాడు. చేతులు కడుక్కుని, తెల్ల రుమాలుతో తుడుచుకుని, వరసలో అందరికీ నమస్కారాలు పెట్టుకుంటూ వచ్చాడు. కృపానందం గారు భుజం తట్టి, వచ్చే ఆదివారం తప్పకుండా రావాలన్నారు. తప్పకుండానండి అన్నాడు. గేటు వైపు పోతూ భానుశ్రీ దగ్గర ఆగాడు.

ఎందుకు ఇంత నిదానం వీడికి? ఉయ్యూరెక్కడ, మైలవరమెక్కడ. మధ్యలో బెజవాడ ట్రాఫిక్కంతా ఉంది. పరిగెత్తి కారెక్కాల్సినవాడు రుమాలు మడుచుకుంటున్నాడు. భానుశ్రీకి అది అర్థంకాక అతని మొహంలోకి చూసింది.

"తొందరేం లేదండి మేడమ్ గారు," అన్నాడు. "ఫొటో నేను పొద్దున్నే చూశాను. మావోళ్ళు అప్పుడే బయల్దేరారు. మీ ఫోను మీ చేతికి రాకుండా ఉంటే చాలనుకుని, అన్నానికి కూర్చున్నాను. వాళ్ళు చేరే వేళయ్యాకే మీకు చూపించాను. పరమాన్నం చాలా బాగుందండి."

నమస్కారం పెట్టి వెళ్ళిపోయాడు.

భానుశ్రీ కాలవగట్టు వైపు తిరిగింది. "మునీర్!" అని అరిచిన అరుపుకు తోటంతా ఒక్కసారి సద్దుమణిగింది. కాలవగట్టు మీంచి మునీర్ పిల్లల్ని వదిలేసి పరిగెత్తుకొచ్చాడు. ఆమె ఫోను చూపించింది. చదివాడు.

"ఖాలాకి చేద్దాం మేడమ్. మా పిన్నమ్మ ఎత్తిద్ది." తనే నంబరు నొక్కి, అందరికీ వినపడేలా పెట్టి, ఆమె చేతికిచ్చాడు. తెరేసమ్మ గరిటెతో సహా వచ్చి పక్కన నిలబడింది.

రెండు రింగులకే ఎత్తింది జమాల్ బీ.

"అమ్మా, నేను భానుశ్రీని. సొలొమోను గారు ఉన్నారా?"

"ఉన్నాడమ్మా, ఎక్కడికి పోతాడు!" ముసలావిడ గొంతు ఉల్లాసంగా ఉంది. "పొద్దుట్నుంచీ పెరట్లో ఆ పిట్ట దగ్గరే. ఫోను ఇంట్లో పడేసి కూర్చున్నాడు. టీ ఇస్తే తాగడు, మాట్లాడితే ఉష్ అంటాడు. నన్ను నా పెరట్లోనే నడవనివ్వట్లేదు చూడు."

"అమ్మా, వినండి. తలుపు గొళ్ళెం వేసుకోండి. ఆయన్ని లోపలికి..."

"గట్టిగా చెప్పమ్మా, ఇనపట్లా. కారొకటి వచ్చి ఆగింది సందులో. ఆ, మీవాళ్ళే. పిట్టని చూడ్డానికి వస్తామన్నారంటగా? ఆకుపచ్చ టోపీలు పెట్టుకున్నారు, మెళ్ళో దుర్భిణీలు. ఉండు, తలుపు తీసి వస్తా."

"తీయకండి! అమ్మా, తీయకండి!"

ఫోను ఎక్కడో బల్ల మీద పెట్టిన చప్పుడు. మునీర్ "ఖాలా! దర్వాజా మత్ ఖోలో!" అని గొంతు చిరిగేలా అరిచాడు. కృపానందం గారు గిన్నె పట్టుకుని అక్కడే నిలబడిపోయారు. అటు నుంచి జవాబు లేదు. చెక్క తలుపు కిర్రుమంది. జమాల్ బీ "రండి నాయనా, రండి, మంచినీళ్ళు తాగుతారా" అనడం సన్నగా వినపడింది. ఎవరో వద్దన్నారు.

తర్వాత ఇంకో గొంతు. గుసగుసగా, సంతోషంతో ఉక్కిరిబిక్కిరవుతూ.

"మా ఆయనే," అంది తెరేసమ్మ. ఇన్నాళ్ళకు ఆ గొంతు విని ఆమె మొహం విప్పారింది. "అమ్మా, మా ఆయనే!"

"ఉష్... మెల్లిగా రండి బాబూ," అంటున్నాడు సొలొమోను. "బెదిరిద్ది. ఇప్పుడే కళ్ళు మూసింది. చెప్పులిప్పేసి రండి, చప్పుడవకుండా."

అటువైపు ఎవరో చెప్పులు విడిచారు. తర్వాత ఇంకొకరు. తర్వాత ఇంకొకరు.